బీటకుండల పెళ్ళి

ఏమిటో ఇవాళ ముగ్గురూ ఇంత బుద్ధిగా పడుకున్నారు. పిలవకుండానే పక్కలు వేసుకున్నారు, పాలు కూడా పేచీ పెట్టకుండా తాగేశారు. సరేలే, నాకెందుకు. కాస్త జరగండి, కాళ్ళు చాపుకోనివ్వండి. కథ చెప్తాను గానీ ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే కథ అలిగి దారిలోనే చతికిలబడుతుంది, దాన్ని మళ్ళీ లేవదీయడం నా వల్ల కాదు.

అనగనగా ఒక ఊరు. ఊరంటే మనూరిలా మట్టి ఉన్న ఊరు కాదు. ఒక పెద్ద రాతిబండ, ఆ బండ మీద ఇళ్ళు, ఇళ్ళ మధ్య సందులు, సందుల్లోనూ బండే. అందుకని దానికి బండమీదపల్లె అని పేరు. గునపం వేస్తే గునపం వంగాలి గానీ గుంట పడదు. ఏ పెరట్లోనూ ఒక బీరపాదు లేదు, ఒక వంగమొక్క లేదు, ఒక గోంగూర రెమ్మ లేదు. కూరో నారో కావాలంటే ఏటి అవతల్నుంచి కూరలమ్మి వారానికోసారి గంప నెత్తిన పెట్టుకుని రావాలి. అది చెప్పిందే ధర. మిగతా రోజులన్నీ పప్పుచారు, పచ్చిమిరపకాయ కారం, లేకపోతే ఉప్పూ మజ్జిగా. ఊ కొడుతున్నారా?

ఆ ఊళ్ళో మార్కండయ్య అని ఒక నేతగాడు. పనిమంతుడు. పడుగులో ఒక్క పోగు తెగినా చెయ్యి ఆగిపోయేది, ముడి పడ్డాకే మళ్ళీ కదిలేది. ఆయన భార్య పేరిందేవి మగ్గం పక్కన చాప వేసుకుని కూచుని, పోగులు అందిస్తూ కబుర్లు చెప్తూ ఉండేది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. చాప మాత్రం అక్కడే ఉంది. దాని మీద ఎవర్నీ కూచోనివ్వడు, తను కూచోడు, దులిపి మళ్ళీ అక్కడే పరుస్తాడు.

ఆయనకొక కొడుకు, సాంబడు. మంచివాడే పాపం, బుర్రే కాస్త వెనకాల నడిచి వచ్చేది. ఉప్పు తెమ్మంటే ఖాళీ సంచి జాగ్రత్తగా ఇంటికి తెచ్చేవాడు, ఉప్పు మాత్రం కొట్లో వదిలేసి వచ్చేవాడు. ఎవరేం చెప్పినా సరే అనేవాడు. వాడి పెళ్ళాం భద్రాలు. ఆ ఇంట్లో బుర్రన్నది ఉంటే ఆ పిల్లకే ఉంది.

ఇలా ఉండగా మార్కండయ్యకి రేచీకటి పట్టుకుంది. పగలు కనపడేది, పొద్దువాలితే ఇక ఏమీ కనపడేది కాదు. గడప తన్నుకుని పడేవాడు, మంచినీళ్ళ చెంబనుకుని పిల్లిని పట్టుకునేవాడు. నవ్వకండి, దానికి బాధగా ఉండదూ, ఆ పిల్లికి. సాయంత్రం నేత మానేశాడు. పైకి ఏమీ అనేవాడు కాదు గానీ లోపల ఒకటే దిగులు. ఇవాళ సాయంత్రం పోయింది, రేపు మధ్యాహ్నం పోతే? కళ్ళు పోయిన నేతగాడికి మగ్గం ఎందుకు, మగ్గం ఆగిన ఇంట్లో పొయ్యి ఎందుకు.

భద్రాలు ఏరు దాటి వెళ్ళి మూలికల వైద్యుణ్ణి అడిగింది. ఆయన చెప్పాడట, పొన్నగంటి కూర, మెంతి కూర, ఏ ఆకైనా సరే, రోజూ పిడికెడు, నలభై రోజులు ఒక్కరోజు తప్పకుండా పెట్టమని. ఇంకో మాట కూడా చెప్పాడు. ఇది మందు అని ఆయనకి తెలియకూడదు, చెబితే గుణం పోతుందన్నాడు. గుణం పోవడం ఏమిటి నా మొహం, ఆ వైద్యుడికి మార్కండయ్య సంగతి తెలుసు. నాకేం రోగం, నాకోసం ఖర్చేమిటి అని విస్తరి ముందు నుంచి లేచిపోయే రకం. మీ తాతయ్యా అంతే. పథ్యం అంటే చాలు, పౌరుషం పొడుచుకొచ్చేది.

సరే, చెప్పకుండా పెడుతుంది. కానీ దేంతో పెడుతుంది? నలభై రోజులు కట్టలు కొనడానికి ఆ ఇంట్లో లంకెబిందెలు లేవు. భద్రాలు ఒక్క పొన్నగంటి కట్ట కొంది. ఆకులు దూసి వండేసి కాడలు దాచింది. పొన్నగంటి కాడ కణుపు దగ్గర గుచ్చితే బతుకుతుంది, తెలుసా? గుచ్చడానికి మాత్రం మన్నుండాలి, మన్ను పోయడానికి ఏదో ఒకటుండాలి.

ఊరి చివర పగిలిన కుండలు పారేసే చోటొకటి ఉంది. పగిలిన కుండ ఇంట్లో ఉంటే దరిద్రం అని ఆ ఊళ్ళో నమ్మకం. కుండ బీట పడిందంటే ఆ పూటే తీసుకెళ్ళి అక్కడ పడేసి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. భద్రాలు వెళ్ళి ఏరుకొచ్చింది. ఏమేం తెచ్చిందంటే, మూతి పోయిన కుండ, ముక్కు పోయిన కూజా, అడుగు పోయిన అటిక, చెవి ఊడిన చట్టి, బీట పడ్డ బాన. ఎన్నయ్యాయి? ఆరా? కాదు కాదు, ఐదే. నాకే కలగాపులగం అవుతోంది.

సాంబడు అది చూసి, ఓహో మా ఆవిడకి పగిలిన కుండలంటే ఇష్టం కామోసు అనుకుని, వంటింట్లో ఉన్న మంచి కుండలు రెండు పగలగొట్టి తెచ్చిచ్చాడు. ఆ పిల్ల ఏమంటుంది? ఆ పెంకులు ముక్కలు చేసి కుండల అడుగున పరిచింది, నీళ్ళతో పాటు మన్ను జారిపోకుండా.

మన్నెక్కడిది? రోజూ ఏటికి నీళ్ళకెళ్ళినప్పుడల్లా తెచ్చేది. బిందె నెత్తిన, మన్ను కొంగున. బిందె నెత్తిన, మన్ను కొంగున. దోసెడు మన్ను, దోసెడు పేడపొడి, గుప్పెడు బూడిద. దోసెడు మన్ను, దోసెడు పేడపొడి, గుప్పెడు బూడిద. అలా ఐదూ నిండాయి. చిల్లి పెట్టే పని లేదు, పగిలినవేగా, నీళ్ళు వాటంతటవే దిగిపోతాయి. బియ్యం కడిగిన నీళ్ళు పోసేది, పోగులకి పెట్టిన గంజి మిగిలితే పల్చగా చేసి పోసేది. పొన్నగంటి కాడలు గుచ్చగా ఇంకా చోటు మిగిలింది. పోపులపెట్టె బోర్లించి దులిపితే మెంతులు, ధనియాలు, ఆవాలు, నాలుగు పెసలు, నాలుగు బొబ్బర్లు, అన్నీ కలిసి రాలాయి. అవన్నీ ఐదింట్లోనూ చల్లేసింది.

ఇక్కడ జాగ్రత్తగా వినండి, తకరారంతా ఇక్కడే ఉంది. బీటల్లోంచి మన్ను కారుతోందని సున్నంతో చారలు చారలుగా పూసింది. కుండ విడిపోకుండా మగ్గం కింద రాలిన తుక్కు పోగులు పేని నడుముకి కట్టింది. ఆ వారం మగ్గం మీద పసుప్పచ్చ చీర ఉంది, అంచేత పోగులన్నీ పసుప్పచ్చవే. గింజలకి చీమలు పడుతున్నాయని అంచుల చుట్టూ పసుపు రాసింది. అన్నీ వరసగా పెరటి అరుగు మీద పెట్టింది. వారానికల్లా పచ్చగా మొలకలొచ్చాయి.

పెళ్ళికి పాలికలు పెడతారు చూశారా? మీ పిన్ని పెళ్ళిలో పెట్టాం. మట్టి పాత్రలు ఐదు తెచ్చి, సున్నం చారలు తీర్చి, పసుపు రాసి, పసుపు దారం కట్టి, నవధాన్యాలు చల్లి మొలకలు తెప్పిస్తారు. ఇప్పుడు తెలిసిందా? గోడ మీంచి తొంగిచూసిన పక్కింటి సూరమ్మకీ అలాగే తెలిసింది. ఐదు కుండలు, పసుపు, పసుపు దారం, సున్నం చారలు, మొలకలు. ఆ ఇంట్లో పెళ్ళి.

ఎవరి పెళ్ళి? ఉన్నది ముగ్గురు. కోడలికి పెళ్ళయింది. కొడుక్కి పెళ్ళయింది, ఆ కోడలితోనే. ఇక మిగిలింది ముసలాయన. సూరమ్మ ముక్కు మీద వేలేసుకుని, ఆ వేలు తియ్యకుండానే వీధి వీధంతా తిరిగి చెప్పేసి వచ్చింది.

సాయంత్రం మార్కండయ్య దగ్గరికొచ్చి, ఏమన్నయ్యా, మాకు మాటమాత్రం చెప్పలేదే, పోనీలే, ఈ వయసులో తోడుండాలి, మంచి పని చేస్తున్నావు అంది. మార్కండయ్యకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏం మంచి పని అన్నాడు. ఆవిడ నవ్వి, పాలికలు పెట్టి ఇంకా దాస్తావేమయ్యా అని వెళ్ళిపోయింది. మర్నాడు పగటి వెలుగులో పెరట్లోకెళ్ళి చూశాడు. చూస్తే నిజమే, పాలికలు. కొంచెం వంకర పాలికలు, మూతులు పోయిన పాలికలు, కానీ పాలికలే.

కొడుకుని పిలిచి, ఒరే, ఇవెందుకురా అనడిగాడు. వాడికేం తెలుసు. ఆవిడేదో చేస్తోంది నాన్నా, అంతా నీకోసమే అంది, నలభై రోజులు ఆగమంది అన్నాడు. అంటే పెళ్ళి నాకేనన్నమాట అనుకున్నాడు మార్కండయ్య. కోడల్నే అడుగుదామంటే ఎలా అడుగుతాడు? మామగారన్నవాడు కోడలి ముందు నిలబడి, అమ్మా, నా పెళ్ళి ఎవరితో అని నోరు తెరిచి అడుగుతాడా? అందుకని చుట్టూ తిప్పి, అమ్మా భద్రాలూ, ఈ వయసులో ఇవన్నీ అవసరమా అన్నాడు. ఆకు సంగతి పసిగట్టాడేమో అనుకుంది ఆ పిల్ల. అవసరమే మావయ్యగారూ, నలభై రోజులు ఓపిక పట్టండి, తర్వాత మీరే సంతోషిస్తారు అంది. ఇంకేముంది. ముహూర్తం కూడా పెట్టేశారన్నమాట అనుకుని వెళ్ళి మగ్గం మీద కూచున్నాడు. పోగుని అటూ ఇటూ మోసే నాడె ఎటు విసురుతున్నాడో తెలియలేదు. ఊ కొడుతున్నారా, నిద్రపోయారా?

ఆ రోజునుంచే వడ్డన మొదలు. ఇవాళ ఈ కుండలో గిల్లితే రేపు ఆ కుండలో. గిల్లిన కొద్దీ చిగురు, చిగురేసిన కొద్దీ గిల్లుడు. పప్పులో ఆకు, రొట్టెలో ఆకు, పులుసులో ఆకు. మార్కండయ్య తింటూ అనుకునేవాడు, పండక్కి కూడా ఆకుకూర దొరకని ఊళ్ళో రోజూ కూరేమిటి, పెళ్ళివారిల్లు అంటే ఇదే కాబోలు. రుచిగా ఉండేది, మళ్ళీ వేయించుకునేవాడు. తిన్నాక భయమేసేది.

పెళ్ళికూతురు ఎవరనేది ఆయన ప్రాణానికి తేలలేదు. మజ్జిగ పోసే ముసలమ్మ నవ్వితే, ఈవిడా? రంగులద్దే గంగాలు పలకరిస్తే, ఈవిడా? ఒకసారి వీధి మలుపులో ఎవరో పెద్దావిడ దారి అడిగితే, కండువా అక్కడే పడేసి ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ ఆ కండువా పట్టుకుని ఇంటిదాకా వచ్చేసరికి తలుపేసుకున్నాడు.

ఒకరోజు భద్రాలు ఏటికెళ్ళినప్పుడు వీధిలో ఆడవాళ్ళంతా రోకళ్ళు పట్టుకొచ్చి, పెళ్ళి పసుపు దంచి, పాటలు పాడి, చేటెడు పసుపు పోసి వెళ్ళిపోయారు. ముసలాయన అటక మీద దాక్కున్నాడు. భద్రాలు వచ్చి చూసింది. ఎవరో పాపం పసుపిచ్చి వెళ్ళారు, ఈ ఊరివాళ్ళు ఎంత మంచివాళ్ళో అనుకుని, ఇంకాస్త తీసి కుండలకి రాసింది. చూశారా, అందరికీ అన్నీ తెలుసు, ఆ పిల్లకి తప్ప. కోడలి ముందు మామగారి పెళ్ళి మాటెత్తితే బాగోదని ఏటి రేవులో ఆ పిల్లని చూడగానే అందరూ నోళ్ళు మూసుకునేవాళ్ళు.

ఆ ఊరికో రాజు. చిన్న రాజులెండి. ఏనుగు లేదు, ఒక గాడిద ఉంది, దానికే అంబారీ కట్టించుకున్నాడు. ఊళ్ళో ఏ పెళ్ళయినా మొదటి పంక్తిలో ఆయన కూచోవాల్సిందే, అది అక్కడి ఆచారం. నలభై రోజులని సాంబడు ఊరంతా చెప్పడంతో నలభయ్యో రోజే ముహూర్తం అనుకుని, ఆ పొద్దున్నే మేళంతో వస్తున్నామని కబురు పంపాడు. కబురు ఎవరికి చెప్పారు? సాంబడికి. వాడేమన్నాడు? సరే అన్నాడు. ఇంట్లో చెప్పాడా? దారిలో మర్చిపోయాడు.

ఇలా ముప్ఫైతొమ్మిదో రోజు వచ్చింది. పొద్దు వాలేవేళ సూరమ్మ గోడ మీంచి, రేపు రాజుగారు కూడా వస్తున్నారటగా అన్నయ్యా, కొత్త పంచె సిద్ధం చేసుకున్నావా అంది. మార్కండయ్య లోపలికొచ్చి పేరిందేవి చాప ముందు నిలబడ్డాడు. రేపీపాటికి దీని మీద ఇంకెవరో కూచుంటారు అనుకున్నాడు. ముసలాయనకి ఏడుపొచ్చింది. ఎవరూ లేరుగా, ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, కోడలు నా మంచికే చేస్తోంది గానీ నా వల్ల కాదు, పాలికలు పగిలితే అపశకునం, పెళ్ళి ఆగిపోతుంది అనుకుని, మూలనున్న దుడ్డుకర్ర తీసుకున్నాడు. పెరట్లోకి నడిచాడు, అలవాటుగా గోడ తడుముకుంటూ.

మూతి పోయిన కుండ ముందు నిలబడి కర్ర ఎత్తాడు. ఎత్తి, ఆగాడు. కుండకి కట్టిన పోగు తెగి వేలాడుతోంది. తెగిన పోగు చూసి ముడి వెయ్యకుండా వెళ్ళడం నేతగాడికి చేతకాదు. కర్ర పక్కన పెట్టాడు, వేలు తడి చేసుకున్నాడు, రెండు కొసలూ పేని ముడి వేశాడు. పక్కన ముక్కు పోయిన కూజాకి చూస్తే అక్కడ ముడి వదులైంది. ఎవరు వేశార్రా ఈ ముడి అని గొణుక్కుంటూ విప్పి మళ్ళీ వేశాడు. అడుగు పోయిన అటికకి ఒక పోగు విడిపోతోంది, దాన్నీ సర్దాడు. అప్పుడు గుర్తొచ్చింది, నేను పగలగొట్టడానికి కదా వచ్చాను అని. కర్ర కోసం వంగి లేచేసరికి ఎదురుగా సూరమ్మ ఇంట్లో దీపం వెలుగుతోంది. ఇంకో ఇంట్లో కూడా. పైన చుక్కలు పొడుస్తున్నాయి.

తల దించి ముడి వంక మళ్ళీ చూశాడు. వెంట్రుకవాసి పోగు, దాని మీద ఆవగింజంత ముడి. కనపడుతోంది. కర్ర జారిపోయింది. అలాగే అరుగు మీద కూలబడ్డాడు.

భద్రాలు దీపం పట్టుకొచ్చి, కర్ర చూసి, ముసలాయన మొహం చూసి గాభరా పడింది. ఆయన దీపం ఆర్పెయ్యమన్నాడు. ఆర్పేసింది. నువ్వు కట్టుకున్న చీర అంచు ఎర్రది కదూ అన్నాడు. అవునంది. కాలికి మట్టి అంటుకుంది చూసుకో అన్నాడు. ఆ పిల్ల చూసుకుని, ఆయన వంక చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మావయ్యగారూ, ఇంకా ఒక్కరోజుంది, నన్నేమీ అడక్కండి అంది. నాకు చెప్పొద్దులే అమ్మా, ఇన్నాళ్ళూ ఏం తిన్నానో నాలుక్కి తెలుసు అన్నాడు. సిగ్గుపడుతూ, అయితే పెళ్ళి లేనట్టేనా అనడిగాడు. ఏ పెళ్ళి అంది భద్రాలు. ఆయన మొత్తం చెప్పాడు. మజ్జిగ ముసలమ్మ, కండువా, అటక, అన్నీ. ఆ పిల్ల ఏడుపులోంచి నవ్వులోకి వచ్చి, నవ్వలేక బాన పట్టుకుని కూచుంది. ఏదీ, అదే, బీట పడ్డ బాన.

తెల్లారేసరికి వీధిలో మేళం. గాడిద మీద రాజుగారు, వెనకాల ఊరు. పెళ్ళికూతురేదీ అన్నాడు రాజు. అందరూ సూరమ్మ కేసి చూశారు, సూరమ్మ భద్రాలు కేసి చూసింది, భద్రాలు మొగుడి కేసి చూసింది, వాడు సరే అన్నాడు. అప్పుడు మార్కండయ్య ముందుకొచ్చి దణ్ణం పెట్టాడు. పెళ్ళి నిజమే మహారాజా, నా కంటికీ సాయంత్రానికీ తగువొచ్చి ఎడమొహం పెడమొహమైపోయాయి, మా కోడలు ఈ ఐదు పగిలిన కుండలూ పెట్టి రెండింటికీ రాజీ చేసి మళ్ళీ కలిపింది, భోజనానికి లేవండి అన్నాడు.

రాజుగారు పొన్నగంటి పప్పు మూడుసార్లు వేయించుకున్నాడు. తినడం అయ్యాక, మాక్కూడా ఇలాంటి కుండలు కావాలి, కోటలో అన్నీ మంచివే ఉన్నాయి, పగలగొట్టించమంటావా అన్నాడు. వద్దు మహారాజా, మీ కోటలోనూ పిల్లలుంటారుగా, వాటంతటవే పగులుతాయి అంది భద్రాలు. వచ్చిన వాళ్ళందరికీ తలో పొన్నగంటి కాడ తుంచి ఇచ్చింది. ఆ సాయంత్రం ఊరి చివర ఒక్క పెంకు మిగల్లేదట.

జనం వెళ్ళాక మార్కండయ్య మగ్గం ఎక్కాడు. పొద్దువాలుతోంది. అమ్మా భద్రాలూ, పోగులందించు అని పిలిచాడు. ఆ పిల్ల వచ్చి ఎప్పట్లాగే చాపకి ఇవతల రాతి మీద కూచోబోయింది. అక్కడ కాదు, చాప మీద కూచో అన్నాడు. భద్రాలు చాప వంక చూసి, ఆయన వంక చూసి, కూచుంది. చీకటి పడ్డాక కూడా చాలాసేపు మగ్గం చప్పుడు వినపడిందట. కొడుకు పేడ తెచ్చాడు, కోడలు ఆకు తెంచింది, మామ చీర నేశాడు, అందరూ కడుపునిండా తిని కళ్ళనిండా చూసుకుని సుఖంగా ఉన్నారు. ఇప్పటికీ ఆ ఊళ్ళో కుండ పగిలితే ఎవర్నీ తిట్టరు, ఏం మొక్క పెడదాం అనడుగుతారు.

అంచేత నాయనా, అడగాల్సిన మాట అడిగెయ్యాలి, చెప్పాల్సిన మాట చెప్పెయ్యాలి. దాచిపెడితే లేనిపోని పెళ్ళిళ్ళు అవుతాయి. కథ నడుచుకుంటూ కంచికి బయల్దేరింది, మనకెక్కడికీ వెళ్ళే పని లేదు, ఇంట్లోనే ఉన్నాంగా, కళ్ళు మూసుకోండి.

ఆఁ, మరే. పొద్దున్న మీ ముగ్గురూ పగలగొట్టి మంచం కింద గోనెసంచి కప్పి దాచారు చూడు, నా మంచినీళ్ళ కూజా. అది ముక్కు దగ్గర బీట పడిందంతే, చూశాన్లే. రేపు లేవగానే పెరట్లోకి తీసుకురండి. పోపులపెట్టెలో మెంతులున్నాయి.